పని లేని కత్తి

అరణ్యకాండ తొమ్మిదో సర్గలో సీత రాముడికి ఒక కథ చెబుతుంది. పూర్వం ఒక వనంలో సత్యవాది అయిన ముని ఒకడు తపస్సు చేసుకుంటూ ఉండేవాడు. ఆ తపస్సు చెడగొట్టాలని ఇంద్రుడు భటుడి వేషంలో వచ్చి, ఒక ఖడ్గాన్ని ఆయన చేతికిచ్చి దాచమన్నాడు. ముని మాట తప్పేవాడు కాడు. ఒకరు నమ్మి అప్పగించిన సొత్తు పోకూడదని, దుంపలకూ పళ్లకూ వెళ్లినా ఆ ఖడ్గాన్ని వెంటబెట్టుకునే వెళ్లేవాడు. అలా రోజూ మోయగా మోయగా ఆయన మనసు మెల్లగా తపస్సు మీంచి జారింది, క్రౌర్యానికి అలవాటు పడింది, చివరికి ఆయన నరకానికి పోయాడు. కథ ఇంతే. దండకారణ్యంలోకి ధనుర్బాణాలతో అడుగుపెడుతున్న భర్తకు సీత దీన్ని చెప్పింది. కోరిక వల్ల పుట్టే దోషాలు మూడని, అబద్ధమూ పరస్త్రీ వ్యామోహమూ నీలో లేవని, మూడోది మాత్రం, అంటే వైరం లేకుండానే హింసకు దిగడం, ఇప్పుడు నీ ముందుకు వచ్చి నిలిచిందని హెచ్చరించింది. రోజూ ఒంటి మీద కత్తి పెట్టుకు తిరగవచ్చా అని ఈ కాలంలో ఎవరైనా అడిగితే ముందు ఈ సర్గ చదవమంటాను. ఆ ప్రశ్న ఎంత లోతైనదో అక్కడ తెలుస్తుంది.

అదే ప్రశ్న ఇప్పుడు కొత్త రూపంలో వచ్చింది. మడత పడని చిన్న చాకు, రెండున్నర మూడు అంగుళాల అలుగు, బిగుతైన ప్లాస్టిక్ ఒర, మెడలో వేసుకోవడానికి ఒక తాడు. చొక్కా లోపల ఛాతీ మీద తలకిందులుగా వేలాడుతుంది. పిడి పట్టి కిందికి లాగితే ఊడి చేతికి వస్తుంది. 'నెక్ నైఫ్' అనే పేరుతో ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. హనుమాన్ జంక్షన్ లాంటి చోట దీన్ని కొనాలనుకునేవాళ్లు ఉండటంలో వింత లేదు. విజయవాడ నుంచి ఏలూరు వెళ్లే జాతీయ రహదారి మీద, ఒకవైపు నూజివీడు, ఇంకోవైపు గుడివాడ దారులు కలిసే కూడలి అది. నూజివీడు వైపు మామిడి తోటలు, ఉయ్యూరు వైపు చెరకు, గుడివాడ దాటి కైకలూరు పోతే చేపల చెరువులు, ఎటు చూసినా కొబ్బరి. తొడిమె కొయ్యడం, మేత బస్తా కుట్టు విప్పడం, నైలాను తాడు తెంపడం, గెల నుంచి అరటి హస్తం వేరు చెయ్యడం లాంటి పనులకు రోజుకు పదిసార్లు చాకు కావాలి. అదే కూడలిలో రాత్రంతా లారీలు ఆగుతాయి, బస్సు దిగి ఒంటరిగా నడిచి వెళ్లేవాళ్లు ఉంటారు, భయం కూడా ఉంటుంది. ఒకే వస్తువు ఈ రెండింటికీ బదులుగా అమ్ముడుపోతోంది. ఏ చాకు ఎంచుకోవాలి అన్నది పైకి బజారు ప్రశ్నలా కనిపిస్తుంది. నా దృష్టిలో అది ధర్మానికి సంబంధించిన ప్రశ్న. ఎందుకంటే కొనే క్షణంలోనే, అలుగు ఆకారంలోనే, ఆ మనిషి తోటివాళ్లను ఏ కంటితో చూడబోతున్నాడో సగం తేలిపోతుంది.

ముందు మెడ సంగతి. నడుముకు కత్తి కట్టుకోవడం మనకు కొత్త కాదు. తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు తరతరాలుగా కట్టుకుంటున్నాడు. మెడ వేరు. మెడలో మనం వేసుకునేవి చాలావరకు నమ్మకానికి చెందినవి: తాళి, రుద్రాక్ష, తాయెత్తు, శిలువ, పసిపిల్లలు జడుసుకోకుండా కట్టే ఆంజనేయస్వామి బిళ్ల. ఇనుముకు భయాన్ని తరిమే గుణం ఉందన్న నమ్మకం కూడా మన ఇళ్లలో పాతదే. బాలింత పక్కన, పసిబిడ్డ తలగడ కింద చిన్న కత్తో కొడవలో పెట్టడం చూడని పల్లె ఉండదు. కాబట్టి గుండె మీద వేలాడే చాకు తెలియకుండానే తాయెత్తు చోటులోకి వస్తుంది. తాయెత్తుకు పని ఉండదు. అది ఉందన్న తలంపే దాని పని. ఉందని తడిమి చూసుకోవడం, లేకపోతే బోసిగా అనిపించడం, దాని బలంతో ఒక మాట పెద్దగా అనడం, ఇవన్నీ తాయెత్తు లక్షణాలు. తాయెత్తుకు అంచు లేదు కాబట్టి నష్టం లేదు. చాకుకు అంచు ఉంది. మునికి జరిగింది ఇదే అనుకుంటాను. ఆ ఖడ్గంతో ఆయన దుంప తవ్వలేదు, పండు కొయ్యలేదు. ఆశ్రమంలో దానికి చేయదగ్గ పని ఏదీ లేదు. అయినా అది రోజంతా ఆయనతో ఉంది.

దీనికి ఎదురుగా నిలబెట్టవలసిన కత్తి ఒకటి ఈ నేల మీదే తిరిగింది. బౌద్ధ భిక్షువు వెంట ఉంచుకోదగిన వస్తువులు ఎనిమిది అని పాళీ సంప్రదాయం: మూడు చీవరాలు, భిక్షాపాత్ర, నడికట్టు, సూది, నీళ్ల వడపోత గుడ్డ, ఒక చిన్న కత్తి. ఈ కత్తిని పాళీలో 'వాసి' అన్నారు. క్షురకత్తి అని కొందరు, చిన్న బాడిశ లాంటిదని కొందరు అర్థం చెబుతారు. అహింసను మొదటి శీలంగా పెట్టుకున్న మనిషి, ఇల్లూ పొలమూ వదిలేసిన మనిషి, చివరికి తనదని ఉంచుకున్న ఎనిమిదింటిలో ఒకటి కత్తి కావడం నన్ను చాలాకాలంగా ఆలోచింపజేస్తోంది. దీఘనికాయంలోని సామఞ్ఞఫల సుత్తం భిక్షువును రెక్కలు తప్ప వేరే బరువు లేకుండా ఎగిరే పక్షితో పోలుస్తుంది. బుద్ధఘోషుడు అయిదో శతాబ్దంలో ఆ సుత్తానికి వ్యాఖ్య రాస్తూ, ఈ ఎనిమిదింటిలో ఏది శరీరాన్ని పోషిస్తుంది, ఏది కడుపును పోషిస్తుంది అని ఒక్కొక్కదాన్నీ లెక్క చూపించాడు. కత్తి దగ్గరికి వచ్చేసరికి, పళ్లు తోముకునే పుల్ల నరకడానికి, మంచాల, పీటల కోళ్లు, చీవరపు గుడిసె గుంజలు చెక్కడానికి అది శరీరానికి పనికొస్తుందని, చెరకు కొయ్యడానికి, కొబ్బరికాయ వంటివి చెక్కడానికి కడుపుకు పనికొస్తుందని వివరించాడు. చెరకు, కొబ్బరి! కృష్ణా డెల్టా మనిషికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణలు ఎవరూ ఇవ్వలేరు. ఘంటసాలలో, గుడివాడలో, ఏలూరు జిల్లా గుంటుపల్లి కొండ గుహల్లో వర్షాకాలం గడిపిన భిక్షువులు ఈ ఎనిమిది వస్తువుల సంప్రదాయానికి చెందినవారే.

ముని ఖడ్గాన్నీ భిక్షువు వాసినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఇద్దరూ లోకం వదిలినవాళ్లు. ఇద్దరూ రోజూ కత్తి వెంట ఉంచుకున్నవాళ్లు. ఒకరిని అది పాడుచేసింది, ఇంకొకరికి అది సాధనలో భాగమైంది. పొడవులోని తేడా మాత్రమే ఇందుకు కారణమని అనుకోలేం. నాకు కనిపించే తేడా ఒక్కటే: వాసికి ప్రతిరోజూ పని ఉంది. పని ఉన్న కత్తి మనసును చెట్టు మీదికి, కాయ మీదికి, తాడు మీదికి తిప్పుతుంది. దాని అంచు మొద్దుబారుతుంది, దానికి నూరడం కావాలి, జిగురు కడగాలి, పట్టు తప్పితే వేలు తెగుతుంది కాబట్టి ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. పని లేని కత్తి మనసును ఎటు తిప్పుతుంది? దానికి మిగిలిన ఒకే ఒక్క ఉపయోగం వైపు, అంటే ఎదుటి మనిషి వైపు. ఎవడైనా మీదికొస్తే అన్న ఊహ మొదట నెలకోసారి వస్తుంది, తర్వాత కూడలిలో ఎవరో భుజం తగిలినప్పుడల్లా వస్తుంది. ఆ ఊహలో ఎదుటివాడు ఎప్పుడూ శత్రువే. సీత చెప్పిన వైరం లేని క్రౌర్యం ఇక్కడే మొలకెత్తుతుంది. అందుకే నా వాదం ఇది: మెడలో వేసుకునే చాకు ధర్మమా అధర్మమా అన్నది దానికి దొరికే రోజువారీ పని తేలుస్తుంది, ఆ పనికి తగ్గట్టు దాన్ని ఎంచుకోవడమే ఆ ధర్మంలో మొదటి మెట్టు.

బౌద్ధం తెలిసినవారు ఇక్కడ నన్ను ఆపుతారు. కర్మ అంటే చేతన, అంటే సంకల్పమే కర్మ అని బుద్ధుడు చెప్పాడు కదా; సంకల్పం శుద్ధంగా ఉంటే కత్తి ఆకారంతో, పనితో నిమిత్తమేమిటి? మంచి మనిషి చేతిలో బాకు కూడా మంచిదే, చెడ్డ మనిషి చేతిలో కూరగాయల చాకు కూడా చెడ్డదే అంటారు. ఈ మాటలో నిజం ఉంది. నిజానికి మన దగ్గర కుటుంబ తగాదాల్లో లేచే కత్తుల్లో చాలావరకు వంటింటివే. కానీ సీత కథ మొత్తం ఈ ఆక్షేపణకు ముందే రాసిపెట్టిన జవాబు. ముని సంకల్పం చెడ్డదా? ఒకరి సొత్తు కాపాడాలన్నంత మంచి సంకల్పం అది. ఆ మంచి సంకల్పమే ఖడ్గాన్ని ఆయన ఒంటికి అంటిపెట్టింది. సంకల్పం ఒకసారి చేసుకుంటే అలాగే నిలిచిపోయే వస్తువు కాదని, రోజూ చేతికి తగిలేవాటి వల్ల అది మారుతూ ఉంటుందని కథ చెబుతోంది. కర్మ సిద్ధాంతాన్ని ఇది కాదనడం లేదు. చేతన ఎలా తయారవుతుందో ఇంకాస్త దగ్గర్నుంచి చూపిస్తోంది. భిక్షువుల నియమావళి అయిన వినయ పిటకం కూడా ఈ సంగతి గుర్తించినట్టే ఉంది. చేతిలో కర్ర ఉన్నవాడికి, కత్తి ఉన్నవాడికి, ఆయుధం ఉన్నవాడికి, అతడు రోగి అయితే తప్ప, భిక్షువు ధర్మం బోధించరాదని సేఖియ నియమాల్లో ఉంది. తన సంచిలో కత్తి ఉంచుకున్న భిక్షువే, ఎదుటివాడి చేతిలోని కత్తి వినికిడికి అడ్డమని గుర్తించాలి. కత్తి పని ముగించి ఒరలోకి వెళ్లాక వినడం మొదలవుతుంది.

రెండో ఆక్షేపణ ఇంకోవైపు నుంచి వస్తుంది. అహింస కావాలంటే అసలు కత్తే వద్దు, చిన్నదైనా పెద్దదైనా, అనేవారు ఉన్నారు. జైన ముని మార్గం ఆ మాటకు బలం. ఆ మార్గం మీద నాకు గౌరవం ఉంది, అది సంపూర్ణంగా ఆచరించేవారి విషయంలో నేను చెప్పగలిగింది ఏమీ లేదు. కానీ మనబోటి గృహస్థులు కత్తి పట్టను అంటే అర్థం, ఇంకొకరు పడతారని. మనం తాగే బొండం ఎవరో చెక్కుతారు, మనం తినే చేప ఎవరో కోస్తారు, మన తల ఎవరో గొరుగుతారు. ఈ దేశంలో జరిగిన ఒక పెద్ద అన్యాయం ఇక్కడే ఉంది: మనిషిని నరికే కత్తి పట్టినవాడికి సింహాసనం, కాయ కోసే, కల్లు గీసే, తోలు కోసే, గడ్డం గీసే కత్తి పట్టినవాడికి వాడ చివర చోటు. దసరాకు రాజుగారి ఖడ్గానికి పూజ జరిగింది, దాన్ని సానబట్టిన మనిషి గడప అవతల నిలబడ్డాడు. హింస నుంచి దూరంగా ఉండాలన్న కోరిక చాలాసార్లు శ్రమ నుంచి, శ్రమించేవాళ్ల నుంచి దూరంగా ఉండాలన్న కోరికగా మారింది. దీనికి ఎదురు నిలిచిన సాక్ష్యాలు కూడా ధర్మ చరిత్రలోనే ఉన్నాయి. బుద్ధుడి తర్వాత జరిగిన మొదటి సంగీతిలో, అంటే భిక్షువుల మహాసభలో, వినయ నియమాలన్నిటినీ వల్లించి నిలబెట్టినవాడు ఉపాలి. అతడు శాక్యుల మంగలి. కత్తి గురించిన నియమాలను సంఘానికి అప్పగించినవాడు కత్తితో బతికినవాడు కావడం నాకు చాలా విలువైన సంగతిగా తోస్తుంది. పనిచేసే కత్తిని మనం చేతపట్టుకోవడం, దాని జిగురు మనమే కడగడం, ఆ అన్యాయానికి పెద్ద పరిహారమేమీ కాదు. కానీ దాన్ని తప్పించుకోవడం పుణ్యం అనుకోవడం మాత్రం మానుకోవాలి.

అన్నిటికంటే బరువైన ఆక్షేపణ ఆత్మరక్షణ. దీన్ని తేలిగ్గా కొట్టిపారేసే హక్కు ఎవరికీ లేదు. రాత్రి డ్యూటీ దిగి హైవే పక్కన నడిచే నర్సు, లారీలోనే నిద్రపోయే డ్రైవరు, చెరువు గట్టు మీద ఒంటరిగా కాపలా ఉండే మనిషి, వీళ్లతో పని లేని కత్తి పాపం అని చెప్పడం సులువు. విరాటుడి కొలువులో కీచకుడు ద్రౌపదిని తన్నినప్పుడు రాజు నోరు మెదపలేదు. కొలువు మౌనంగా ఉన్నప్పుడు ఆమె ఏం చెయ్యాలి? చట్టం కూడా ఈ ప్రశ్నను కాదనలేదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 వరకు సెక్షన్లలో ఆత్మరక్షణ హక్కును గుర్తించింది. అవసరానికి మించి హాని చేయకూడదని, పోలీసుల సాయం పొందే వ్యవధి ఉంటే ఆ హక్కు లేదని 37వ సెక్షన్‌లో హద్దు కూడా గీసింది. ఈ హక్కును నేను పూర్తిగా ఒప్పుకుంటాను. ప్రశ్న వేరు: మెడలోని మూడంగుళాల చాకు ఆ హక్కుకు తగిన పనిముట్టేనా? అది పనిచెయ్యాలంటే దాడి చేసేవాడు చెయ్యి చాపినంత దగ్గరికి రావాలి. చొక్కా గుండీ విప్పి, పిడి వెతికి, లాగాలి. దాన్ని లాక్కోవడానికి అవతలివాడికి అంతే వీలుంది, మెడలోని తాడు అతడి చేతికి పట్టుగా కూడా దొరుకుతుంది. సాధన లేని చేతిలో అది ధైర్యం ఇచ్చినంతగా రక్షణ ఇవ్వదు. ఉన్నదానికంటే ఎక్కువ ధైర్యం పారిపోవలసిన చోట నిలబెడుతుంది. ద్రౌపది విషయానికి వస్తే, ఆ కథలో తప్పు బరువంతా కొలువు మీద ఉంది. ఆమె నడుమున కత్తి ఎందుకు లేదని అడగడం మొదలుపెడితే కొలువును వదిలేసినట్టే. దారి దీపాలు, బస్సు వేళలు, ఫోనుకు పలికే పోలీసు, ఇవి అడగవలసిన చోట ఆడపిల్ల మెడలో చాకు వేసి పంపడం ఆమె మీద రెండో భారం మోపడమే.

రాముడు సీతకు ఇచ్చిన జవాబు కూడా ఇక్కడే చూడాలి, ఎందుకంటే ఆయుధం పట్టడాన్ని సమర్థించేవారు దాన్నే ఎత్తి చూపుతారు. పదో సర్గలో రాముడు ఆమె మాటను తోసిపుచ్చడు, ప్రేమతో చెప్పావని సంతోషిస్తాడు. దండకలోని మునులు వచ్చి శరణు వేడారని, వాళ్లకు మాట ఇచ్చానని, ఆర్తనాదం వినిపించకూడదనే క్షత్రియుడు విల్లు పడతాడని అంటాడు. జాగ్రత్తగా చూస్తే ఈ జవాబులో రాముడి ప్రాణ రక్షణ ఎక్కడా లేదు. ఆయన విల్లుకు ఒక పని ఉంది, ఆ పనిని ఇతరులు అడిగారు, ఆయన బహిరంగంగా ఒప్పుకున్నాడు, భుజం మీద అందరికీ కనిపించేలా మోశాడు. పని ఉన్న ఆయుధం గురించే ఇద్దరూ మాట్లాడుతున్నారు. ఆ పని నిజంగా ఉందా అన్నదే వాళ్ల మధ్య చర్చ. చొక్కా కింద ఎవరికీ తెలియకుండా దాచిన చాకుకు ఈ సమర్థన ఒక్క అడుగు కూడా అందదు. భగవద్గీత, యుద్ధం చెయ్యమని చెప్పిన ఆ గ్రంథమే, పన్నెండో అధ్యాయంలో భగవంతుడికి ఇష్టుడైనవాణ్ణి వర్ణిస్తూ లోకం ఎవరి వల్ల కలత చెందదో, లోకం వల్ల ఎవరు కలత చెందరో అతడు అంటుంది. పదహారో అధ్యాయంలో దైవీ సంపదను లెక్కిస్తూ అభయంతో మొదలుపెట్టి, అహింసను ఆ తర్వాతి శ్లోకంలో చెబుతుంది. ఈ వరుస నాకు అర్థవంతంగా కనిపిస్తుంది: భయం పోని మనిషి అహింస నిలవదు. దాచిన కత్తి భయాన్ని పోగొట్టదు, దానికి మెడలో ఒక శాశ్వత స్థానం ఇస్తుంది. కూడలికి పేరిచ్చిన స్వామినే చూడండి. సుందరకాండలో హనుమ లంకలోకి ఆయుధం లేకుండా వెళ్తాడు. అవసరం వచ్చినప్పుడు చెట్టో, స్తంభమో, ద్వారానికి వేసిన ఇనుప గడియో చేతికందుకుంటాడు. పిల్లల మెడలో ఆయన బిళ్ల కట్టేవాళ్లు కోరుకునేది ఆ నిర్భయమే.

ఇంత చెప్పాక కిర్పాన్ మాటేమిటి అని అడగకుండా ఎవరూ వదలరు. సిక్కు ధరించే కిర్పాన్‌తో చెరకు కొయ్యరు, తాడు తెంపరు. నా లెక్క ప్రకారం అది పని లేని కత్తి కావాలి. అయినా రాజ్యాంగం 25వ అధికరణ వివరణలో కిర్పాన్ ధరించడం సిక్కు మతావలంబనలో భాగమని స్పష్టంగా రాసుకున్నాం. 2006లో కెనడా సుప్రీంకోర్టు మూల్తానీ కేసులో ఒక సిక్కు విద్యార్థి బడికి కిర్పాన్ ధరించి వెళ్లవచ్చని, దుస్తుల లోపల, ఒరలో భద్రంగా కుట్టి ఉంచాలన్న షరతులతో, తీర్పు ఇచ్చింది. ఈ ఆక్షేపణకు నేను తలవంచి జవాబు చెప్పాలి, ఎందుకంటే ఇది నా వాదాన్ని సవరిస్తుంది. కిర్పాన్‌కు పని ఉంది. ఆ పని చేతిది కాదు, వ్రతానిది. 1699 వైశాఖీ నాడు గురు గోవింద్ సింగ్ ఖాల్సాను నిలిపిన తర్వాత అది కేశాలు, కంఘా, కడా, కచ్ఛాతో కలిసి ఒక జీవన నియమంలో భాగమైంది. దాన్ని ధరించేవాడు తనకిష్టమైన కత్తిని బజారులో ఎంచుకోవడం లేదు. ఒక సంఘం ముందు అమృతం పుచ్చుకుని, బలహీనుణ్ణి కాపాడతానన్న బాధ్యతను ఒంటి మీద వేసుకుంటున్నాడు. అతడు దాన్ని తప్పుగా దూస్తే అడిగే సంఘం ఉంది. ఆ వైశాఖీ నాడు గురువు పిలుపుకు మొదట తల ఇవ్వడానికి లేచిన అయిదుగురిలో ఒకరైన భాయీ సాహిబ్ సింగ్ మన పొరుగున ఉన్న బీదర్ వాడని, మంగలి కులస్థుడని సిక్కు సంప్రదాయం; ఉపాలి దగ్గర చెప్పిన మాట ఇక్కడా వర్తిస్తుంది. కాబట్టి నా సూత్రాన్ని ఇలా సరిదిద్దుకుంటాను: చేతికి పని ఉండాలి, లేదా పదిమంది ముందు పట్టిన వ్రతం ఉండాలి. ఈ రెండూ లేని కత్తికి మిగిలేది ఒంటరి ఊహ. ఆన్‌లైన్‌లో కొన్న నెక్ నైఫ్‌కు వ్రతం ఉండదు, కనుక దానికి పని కావాలి.

చట్టం కూడా తన పద్ధతిలో ఇదే అడుగుతుంది. 1959 ఆయుధ చట్టం ఆయుధాలకు ఇచ్చిన నిర్వచనం లోంచి కేవలం గృహ, వ్యవసాయ అవసరాలకు తయారైన వస్తువులను మినహాయించింది. 2016 నిబంధనలు తొమ్మిది అంగుళాల కంటే పొడవు లేదా రెండు అంగుళాల కంటే వెడల్పు ఉన్న అలుగును ఒక వర్గంగా చేసి, అందులోంచి కూడా ఇంటి, వ్యవసాయ, శాస్త్ర, పారిశ్రామిక పనుల కోసం చేసినవాటిని వదిలేశాయి. మూడంగుళాల చాకు ఆ కొలతకు చాలా దిగువన ఉంటుంది. అంతమాత్రాన దాన్ని ఎక్కడికైనా తీసుకుపోవచ్చని కాదు. గన్నవరం విమానాశ్రయంలో తనిఖీ దగ్గర అది బయటికి వస్తుంది. దేశీయ విమానాల్లో ఆరు అంగుళాల అలుగు దాటని కిర్పాన్‌కు 2022లో ఇచ్చిన అనుమతి ఆ వ్రతానికి ఇచ్చింది, రైతు చాకుకు కాదు. కోర్టుకు, పోలింగు కేంద్రానికి, గుడికి వెళ్లేటప్పుడు ఇంట్లో పెట్టి వెళ్లడం మర్యాద కూడా.

ఇక ఎంపిక. పనిని ముందు పెట్టుకుంటే చాలా సందేహాలు వాటంతటవే తీరతాయి. ఒకవైపే అంచు ఉండాలి. రెండంచుల బాకు కాయ కోసేటప్పుడు బొటనవేలు పెట్టుకోవడానికి కూడా పనికిరాదు, అది ఒకే పనికి పుట్టింది. మొన సూదిగా ఉండనవసరం లేదు. వెనకవైపు ముందుకు వంగి అంచును కలిసే మొండి మొన బస్తా విప్పేటప్పుడు లోపలి మేత సంచిని చింపదు, కాలు జారితే ఛాతీలో దిగదు. అలుగు రెండున్నర అంగుళాలు చాలు, మందం రెండు మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటే పండు చీలిపోకుండా తెగుతుంది. లావుపాటి అలుగు బలంగా కనిపిస్తుందే గాని కొయ్యదు, చీలుస్తుంది. డెల్టా తేమకు, మామిడి సొనకు, కొబ్బరి నీళ్లకు మామూలు ఉక్కు త్వరగా తుప్పు పడుతుంది కాబట్టి రోజూ తుడిచే ఓపిక లేనివారు స్టెయిన్‌లెస్ తీసుకోవాలి. ఆ ఓపిక ఉన్నవారికి లారీ కమాను ఉక్కుతో మన కమ్మరి కొలిమిలో చేసిన చాకు నూరడానికి సులువు, ఆ డబ్బు ఊళ్లోనే ఉంటుంది. నలుపు పూత, పుర్రె బొమ్మ, భయపెట్టే పేరు ఉన్నవాటిని వదిలెయ్యాలి. చూసినవాడికి జంకు పుట్టించడానికే అవి చేసినవి. గీతలో చెప్పిన కలత అలంకారంలోంచి కూడా పుడుతుంది. ఒర గట్టిగా పట్టుకోవాలి, తలకిందులుగా వేలాడేటప్పుడు గెంతినా ఊడకూడదు. తాడు మాత్రం గట్టిది కాకూడదు. గట్టిగా లాగితే ఊడిపోయే కొక్కెం గానీ తెగిపోయే సన్న పూసల గొలుసు గానీ ఉండాలి. నూర్పిడి యంత్రం దగ్గర, చెరువులో ఏరియేటరు దగ్గర, చెట్టు మీద, మెడలోని బలమైన తాడు ఉరితాడవుతుంది. అలాంటి పనుల్లో ఉన్నవారు దాన్ని నడుముకు మార్చుకోవడమే మంచిది. వీలైనంతవరకు చొక్కా పైన వేసుకోవాలి. కనిపించే చాకును చూసి పక్కవాడు ఒకసారి ఇవ్వండి అని అడుగుతాడు, అలా అడగగలిగితే దానికి చోటు దొరికినట్టే.

పని లేని రోజుల మాట కూడా ఉంది. పెళ్లికి, సంతకు, సినిమాకు చాకు అక్కర్లేదు. పాండవులు అజ్ఞాతవాసానికి వెళ్తూ ఆయుధాలను జమ్మిచెట్టు మీద పెట్టి, వంటవాడిగా, గుర్రాల కాపరిగా, ఆలకాపరిగా కొలువులో చేరారు. క్షత్రియులకే ఏడాది పాటు అది సాధ్యమైతే మనకు సాయంత్రం ఇంటికొచ్చాక మేకుకు తగిలించడం కష్టం కాదు. మహర్నవమికి పనిముట్లకు బొట్టుపెట్టే ఇంట్లో ఈ చాకుకూ చోటు ఉండాలి, కొడవలి పక్కన, ఆ ఏడాది నూరిన గీతలతో. ఇప్పటికే రెండంచుల, సూది మొన చాకు కొనేసి మెడలో వేసుకున్నవారు దాన్ని పారెయ్యనక్కర్లేదు. కమ్మరి దగ్గరికి తీసుకెళ్లి రెండో అంచు మొద్దు చేయించి, మొన అరగదీయించి, తాడు మార్చుకుంటే అది తొడిమెలకూ వలతాళ్లకూ పనికొస్తుంది. సాన చక్రం మీద పట్టేటప్పుడు మధ్యమధ్య నీళ్లలో ముంచుతూ పట్టమని చెప్పాలి; వేడెక్కితే ఉక్కు మెత్తబడి మిగిలిన అంచు కూడా నిలవదు.